తలుపు ముచ్చట

భార్య గది తలుపు గడియ పెట్టుకుని ఏడ్చిన రోజుల్ని ఆయన ఒక పొద్దున పార్కు బెంచీ దగ్గర నలుగురినీ నవ్వించడానికి వాడుకున్నాడు. ఆవిడకు జరిగిన అన్యాయం అదే. అక్కడ నవ్వినవాళ్ళెవరికీ ఆ సంగతి తెలియదు. ఆవిడకు అసలే తెలియదు. తెలిసింది ఆయనొక్కడికే. అందుకని ఆ రోజు టీ ఆయన గొంతు దిగలేదు. మర్నాడు మాత్రం దిగింది.

ఆయన కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పనివాడు. దుకాణం ముందు భాగంలో నిలువుటద్దాలు, దీపాలు, వచ్చినవాళ్ళతో నవ్వుతూ మాట్లాడే అమ్మాయి. వెనక చెక్క తడిక అవతల ఈయన, గిర్రున తిరిగే సానరాయి, పక్కన నీళ్ళ డబ్బా. రాయి తిరుగుతున్నంతసేపూ మాట్లాడినా వినపడదు. అది ఆగాక మాట్లాడ్డానికి ఎవరూ ఉండరు. అలా ఏళ్ళు గడిచి గడిచి నోరు తినడానికి తప్ప ఎందుకూ పనికిరాకుండా పోయింది. ఇంటికొచ్చినా అదే తంతు. పెట్టింది తినేవాడు. బాగుందా అని అడిగితే తల ఊపేవాడు. బాగాలేదా అని అడిగినా అలాగే ఊపేవాడు.

ఆవిడ పెద్దాస్పత్రిలో టెలిఫోను ఆపరేటరు. మెట్ల కింద కిటికీ లేని చిన్న గదిలో హెడ్‌ఫోను చెవులకు తగిలించుకుని కూర్చుని, వచ్చిన ప్రతి ఫోనూ ఏ వార్డుకు కలపాలో ఆ వార్డుకు కలిపేది. గొంతు ఎప్పుడూ ఒక్క మెట్టు కూడా పైకి లేచేది కాదు. "ఒక్క నిమిషం లైన్లో ఉండండి, కలుపుతాను" అంటే చాలు, అవతల వణికిపోతున్నవాళ్ళు కూడా సగం తేరుకునేవాళ్ళని నర్సులు చెప్పుకునేవాళ్ళు. పొద్దస్తమానం ఎవరెవరినో ఎవరెవరితోనో కలిపే మనిషికి సొంత ఇంట్లో మాత్రం లైను దొరికేది కాదు.

ఇలా ఉండగా ఆయనకు ఒంట్లో చక్కెర ఎక్కువైందనీ, పొద్దున్నే నడవాల్సిందేననీ డాక్టరు కచ్చితంగా చెప్పాడు. పార్కులో నడిచేవాళ్ళకు ఒక సంఘం ఉంది. పేరు ప్రభాత మిత్రమండలి. దానికి పెద్ద దిక్కు ఓవర్సీరు. ఉద్యోగం ఎప్పుడో అయిపోయినా మనుషుల్ని ఇంకా మట్టి పని కూలీల్లాగే కేకేసి పిలుస్తాడు. ఆయన కుడిభుజం బేకరీ ఆయన. తెల్లారుజామునే రొట్టెలన్నీ కాల్చేసి, పొట్ట మీద పిండి మరకతో పార్కుకు వచ్చేస్తాడు. ఆ సంఘంలో ఒక పద్ధతి ఉంది. నడక అయ్యాక కుళాయి దగ్గరున్న సిమెంటు బెంచీల మీద కూర్చుని, ఆ రోజు వంతు వచ్చినవాడు ఇంటి ముచ్చట ఒకటి చెప్పాలి. బయటి విషయాలు పనికిరావు. రాజకీయాలు, రోడ్లు, రోగాలు కుదరదు. తన ఇంట్లో, తన ఇల్లాలితో జరిగిందే చెప్పాలి. చెప్పలేకపోతే టీ ఫ్లాస్కు అతనే మోయాలి.

అద్దాలాయన ఎన్నో నెలలు ఫ్లాస్కు మోశాడు. అందరూ ఆయన్ని "ఫ్లాస్కూ" అనే పిలిచేవాళ్ళు. "ఫ్లాస్కూ, ఇటు తిరుగు. ఫ్లాస్కూ, మూత గట్టిగా పెట్టావా?" యాభై దాటిన మనిషి, జుట్టు నెరిసిన మనిషి, ఆ పిలుపుకి పలికేవాడు.

ఒకరోజు ఎలాగో నోరు తెరిచాడు. తనకు జ్వరం వచ్చినప్పుడు దుకాణానికి పోకుండా తన బూట్లు భార్య తీసుకెళ్ళి అటక మీద పెట్టిందని చెప్పాడు. అంతే ముచ్చట. అది ప్రేమతో చేసిన పని. చెప్పింది కూడా అలాగే చెప్పాడు.

"పెట్టి ఊరుకుందా, రెండు తగిలించిందా?" అన్నాడు బేకరీ ఆయన.

"కొట్టలేదండీ," అన్నాడు అద్దాలాయన. అందరూ తన వైపే చూస్తున్నారు. జన్మలో మొదటిసారి అంతమంది తన నోటి వైపు చూస్తున్నారు. "కొట్టలేదు గానీ... గరిటె మాత్రం చూపించింది."

బెంచీలు కదిలిపోయేలా నవ్వారు. ఓవర్సీరు కళ్ళు తుడుచుకున్నాడు. ఆ నవ్వు అద్దాలాయన ఒంట్లోకి వేన్నీళ్ళలా పాకింది. ఆవిడ గరిటె చూపించలేదు. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆయనకే తెలియదు. కానీ ఆ రోజు ఫ్లాస్కు వేరేవాళ్ళు మోశారు.

తర్వాత అంతా సులువైపోయింది. వంతు వచ్చినప్పుడల్లా గరిటె పెద్దదైంది. ఆవిడ గొంతు పెద్దదైంది. ఆవిడ తిట్టిందన్నాడు, తరిమిందన్నాడు, వానలో గొడుగు లాక్కుందన్నాడు. ఓవర్సీరు ఆవిడకు "ఉరుము" అని పేరు పెట్టాడు. అద్దాలాయన "ఉరుముగారి మొగుడు" అయ్యాడు. తన వంతు కానప్పుడు కూడా అడిగి చెప్పించుకునేవాళ్ళు. దారిలో ఎదురైతే ఆగి నవ్వేవాళ్ళు. నోట్లో నాలుక లేని మనిషికి ఇంతకన్నా ఏం కావాలి?

ఒకనాడు సరుకు అయిపోయింది. అందరూ టీ చేతిలో పట్టుకుని ఎదురుచూస్తున్నారు.

"ఏమయ్యా, ఉరుము మెత్తబడిందా? ఇక నీకు మళ్ళీ ఫ్లాస్కే గతా?" అన్నాడు ఓవర్సీరు.

ఆయన బుర్రంతా గాలించాడు. ఏమీ దొరకలేదు. అడుగున ఆ తలుపు ఒక్కటే కనిపించింది.

"ఒకసారి దుప్పటి తెమ్మందండీ. నేను పసుపుది తెచ్చాను. ఆవిడకు నీలం కావాలట. ఇక చూస్కోండి! తలుపు ధడేలున వేసుకుని గడియ పెట్టేసింది. మూడు రోజులు! మూడు రోజులూ గుమ్మం బయటే నా కాపురం!"

పొట్టలు పట్టుకుని నవ్వారు. బేకరీ ఆయనకు పొరబోయింది.

జరిగింది ఇది. అప్పటికి వాళ్ళు పడుచువాళ్ళు. బిడ్డ పుట్టబోతోందని ఆయన ఎవరికీ చెప్పకుండా వెళ్ళి చిన్న దుప్పటి కొనుక్కొచ్చాడు. లేత పసుపు రంగు. ఆవిడ దాన్ని చెంపకు ఆనించుకుని, "నీలమైతే ఇంకా బాగుండేది. పోన్లెండి, మెత్తగా ఉంది" అంది. బిడ్డ తను పుట్టిన రోజు సాయంత్రం కూడా చూడలేదు. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆవిడ ఆ దుప్పటి తీసుకుని గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. ఆయన తలుపుకి వీపు ఆనించి బయట కూర్చున్నాడు. లోపల ఆవిడా అలాగే కూర్చుంది. ఆయనకు ఎలా తెలిసిందంటే, ఆవిడ వెక్కినప్పుడల్లా చెక్క అదిరి ఆయన వీపుకి తగిలేది. మూడో రోజు గడియ తీసింది. ఆ తర్వాత వాళ్ళకు పిల్లలు కలగలేదు. ఆ విషయం ఇద్దరూ మళ్ళీ ఎత్తలేదు. కొన్నాళ్ళకు ఆవిడ అదే ఆస్పత్రిలో ఉద్యోగానికి చేరింది. ఎందుకని అడగడానికి కూడా ఆయనకు నోరు రాలేదు.

ఆ నోరే బెంచీ దగ్గర అంత చెప్పింది.

అందరికీ ఆ ముచ్చట తెగ నచ్చింది. "తలుపు ముచ్చట, తలుపు ముచ్చట" అని మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు. చెప్పగా చెప్పగా ఆయనకూ నాలుక మీద అరిగిపోయి నున్నబడింది, సానరాయి మీద అద్దంలాగా. ఒక్కోసారి అది నిజంగా అలాగే జరిగిందేమో అనిపించేది కూడా.

చిత్రం ఏమిటంటే, ఈ పాపం వల్ల ఇల్లు బాగుపడింది. పొద్దున్నే నలుగుర్ని నవ్వించి వచ్చిన మనిషి గుమ్మంలో చెప్పులు విడుస్తూనే మాట్లాడేవాడు. ఓవర్సీరు ఇలా అన్నాడు, బేకరీ ఆయన అలా జారిపడ్డాడు అని చెప్పేవాడు. వేడి బన్నులు పట్టుకొచ్చేవాడు. ఒకరోజు ఆవిడ జుట్టులో నెరిసిన పాయ చూసి, "నీకు బాగుంది ఇది" అన్నాడు. ఆవిడ ఆ మాట మర్నాడు ఆస్పత్రిలో నర్సులందరికీ చెప్పుకుంది. ముసలితనంలో మొగుడు కొత్తగా దొరికినట్టుంది అని నవ్వుకుంది. "మీ స్నేహితులు చల్లగా ఉండాలండీ. మిమ్మల్ని మనిషిని చేశారు" అనేది. ఆయన తల వంచుకుని బన్ను తినేవాడు.

ఇలాగే సాగిపోయేదేమో. కానీ ఆవిడకు ఉద్యోగం అయిపోయింది. మొదటి వారం ఇల్లు సర్దింది. రెండో వారం నడకకు బూట్లు కొనుక్కుంది.

"ఏమండీ, రేపట్నుంచి నేనూ వస్తాను పార్కుకి."

ఆయన గబగబా అడ్డొచ్చాడు. "అక్కడంతా మగవాళ్ళే. ఏవేవో మోటు మాటలు మాట్లాడుకుంటారు."

"మరి ఓవర్సీరు గారి భార్య వస్తారన్నారుగా?"

"ఆవిడా... ఆవిడ మగవాడి కిందే లెక్క."

ఆవిడ నవ్వింది. ఆయన ఇంకా ఏవో చెప్పాడు. మంచు అన్నాడు, కుక్కలన్నాడు, మోకాళ్ళన్నాడు. అటు సంఘంలోనేమో ఆవిడకు ఒంట్లో బాగాలేదని చెప్పాడు. కొన్నాళ్ళు గడిచాయి. కానీ సంఘం ఏటా జంటల ఆదివారం జరుపుతుంది. గ్రంథాలయం మేడ మీద హాల్లో అందరూ భార్యలతో వచ్చి కూర్చుంటారు. ఈసారి ఉరుము రావాల్సిందేనని ఓవర్సీరు పట్టుబట్టి, ఆయన దుకాణంలో ఉన్న వేళ చూసి ఇంటికి ఫోను చేశాడు.

"హలో, ఎవరమ్మా? ఇంటావిడ ఉన్నారా?"

"నేనే మాట్లాడుతున్నానండీ. చెప్పండి."

"కాదమ్మా, ఇంటావిడ. అద్దాలాయన భార్య."

"నేనేనండీ."

ఆ గొంతుకీ ఓవర్సీరు విన్న గరిటెకీ పొంతన కుదరలేదు. కోపాన్ని దాచుకుని మాట్లాడుతోందనుకున్నాడు. జాగ్రత్తగా ఆహ్వానించి పెట్టేశాడు.

ఆవిడ రెండు రోజులు శ్రమపడి డబ్బా నిండా బిస్కెట్లు చేసింది. ఆ స్నేహితులకు తన చేతులతో ఏదన్నా ఇవ్వాలని ఎప్పట్నుంచో అనుకుంటోంది.

హాల్లో కాలు పెట్టగానే బేకరీ ఆయన రెండు చేతులూ పైకెత్తేశాడు. "అమ్మో, అక్కయ్యగారొచ్చారు! చేతిలో ఏదో డబ్బా ఉంది. గరిటె ఏదండీ అక్కయ్యగారూ? డబ్బాలో దాచారా?"

నవ్వులు. ఎవరో గబుక్కున లేచి, "ఉరుముగారికి కుర్చీ, ఉరుముగారికి కుర్చీ" అన్నారు. ఇంకెవరో, "బావగారూ, ఇవాళ గొడుగు తెచ్చుకున్నారా?" అని అద్దాలాయన్ని అడిగారు. మళ్ళీ నవ్వులు. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. అందరూ ప్రేమగానే చూస్తున్నారు, ఎన్నాళ్ళుగానో తెలిసిన మనిషిని చూసినట్టు.

ఆవిడ భర్త వైపు చూసింది. ఆయన తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు.

ఫోన్లో ఒక్క ముక్క వినగానే అవతలివాళ్ళకు ఏమైందో పోల్చుకునే మనిషి. ఎంతోసేపు పట్టలేదు. మొహంలో ఒక్క క్షణం రంగు పోయింది, మళ్ళీ వచ్చింది. డబ్బా బల్ల మీద పెట్టి, అదే గొంతుతో చెప్పింది.

"గరిటె ఇంట్లోనే పెట్టి వచ్చానండీ. ఇవాళ దానికి సెలవు."

హాలు దద్దరిల్లింది. "అదీ మా ఉరుమంటే!" అని ఓవర్సీరు చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు. అద్దాలాయనకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ కోప్పడి వెళ్ళిపోయినా, పదిమందిలో నిలదీసినా ఇంత సిగ్గుపడేవాడు కాదు. ఆవిడ ఆయన పరువు కాపాడింది. తన పరువు తీసి ఆయనకు కప్పింది.

"చెల్లెమ్మా, మాకొక్కటే కోరిక," అన్నాడు ఓవర్సీరు. "ఆ తలుపు ముచ్చట మీ ఇద్దరి నోటా కలిపి వినాలి."

"ఇప్పుడొద్దండీ," అద్దాలాయన కుర్చీ పడేలా లేచాడు. "ఆవిడకు మోకాలు నొప్పి. వెళ్ళాలి మేము."

"చూశారా, భయం!" అన్నారెవరో.

ఆవిడ బిస్కెట్లు పళ్ళెంలోకి వంపి డబ్బా తీసుకుని, గుమ్మం దగ్గర ఆగి ఓవర్సీరుతో ఒక మాట చెప్పింది. ఇంటి దగ్గర అనుకుని వచ్చిన మాట. దాన్ని చెప్పకుండా వెనక్కి తీసుకెళ్ళడం ఆవిడకు తెలియలేదు. "మా ఆయన మాట్లాడ్డం నేర్చుకున్నది మీ దగ్గరేనండీ. అది చెప్పి పోదామనే వచ్చాను."

ఇంటికొచ్చారు. ఆవిడ వంటింట్లో బల్ల దగ్గర కూర్చుంది. ఖాళీ డబ్బా ముందు పెట్టుకుంది.

"చెప్పండి."

"ఏం చెప్పను?"

"అన్నీ. ఇవాళంటే ఎలాగో నెగ్గుకొచ్చాను. రేపు ఎవరన్నా ఏదన్నా అడిగితే నేను తడబడకూడదుగా."

ఆయన నిలబడే చెప్పాడు. బూట్లు, గరిటె, గొడుగు. బెంచీ దగ్గర గుక్క తిప్పుకోకుండా చెప్పేవి ఇక్కడ ఒక్కోటీ ముల్లులా వచ్చాయి. ఆవిడ మధ్యలో అడ్డం రాలేదు. లైన్లో ఉన్నట్టు విన్నది. గొడుగు ముచ్చటకు చిన్నగా నవ్వింది కూడా.

"ఇది బాగా కుదిరింది," అంది. "గొడుగు లాక్కుని నేను మాత్రం వేసుకుని వెళ్ళానా? పాపం, తడిశారా?"

ఆ నవ్వుకి ఆయన ప్రాణం ఇంకా కిందికి పోయింది.

"తలుపు ముచ్చట ఏమిటి?"

ఆయన కిటికీ వైపు చూశాడు. ఆవిడ తొందరపెట్టలేదు. ఎదురుచూడ్డం ఆవిడకు అలవాటే.

"ఏదో... నువ్వు అలిగి తలుపేసుకున్నావని."

"ఎందుకు అలిగానట?"

"రంగు... నచ్చలేదని."

"దేని రంగు?"

చెప్పాడు. చెప్పక తప్పలేదు. ఆ మాట తన నోట్లోంచి తన ఇంట్లోనే బయటికి రావడం విన్నాడు.

ఆవిడ చేతిలో డబ్బా మూత తిరగడం ఆగిపోయింది.

"దుప్పటి కూడానా?" అంది.

లేచి డబ్బా కడిగింది. గుడ్డతో తుడిచి అరలో బోర్లించింది. గదిలోకి వెళ్ళింది. ఆయన గడియ చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని నిలబడ్డాడు. గడియ పడలేదు. తలుపు బార్లా తెరిచే ఉంది. లోపల ఆవిడ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. లోపలికి పోవడానికి ఆయనకు మొహం చెల్లలేదు. గడియ పడి ఉంటే ఎక్కడ కూర్చోవాలో ఆయనకు తెలిసేది. తెరిచిన తలుపు ముందు ఏం చెయ్యాలో తెలియక కుర్చీలోనే తెల్లవార్లూ కూర్చుండిపోయాడు.

పొద్దున్నే ఆవిడ కొత్త బూట్లు వేసుకుని గుమ్మంలో నిలబడింది. "పదండి," అంది.

దారిలో ఆయన నిర్ణయించుకున్నాడు. చెప్పేస్తాను. అందరి ముందూ ఒప్పుకుంటాను. ఆవిడ కళ్ళెదురుగానే ఒప్పుకుంటాను. అప్పుడు ఇంట్లో తలెత్తుకోగలను. జీవితంలో ఒక్క పనైనా సరిగ్గా చేసినవాణ్ణవుతాను. నడుస్తూ మాటలన్నీ కూర్చుకున్నాడు.

నడక అయ్యాక కుళాయి దగ్గర చేరారు. ఆడవాళ్ళూ ఇద్దరు ముగ్గురు వచ్చారు. ఓవర్సీరు చేతులు నులుముకున్నాడు.

"ఇవాళ వంతు జంటది. నిన్న తప్పించుకున్నారు. కానివ్వండి, తలుపు ముచ్చట!"

అద్దాలాయన లేచి నిలబడ్డాడు.

"నేను ఇన్నాళ్ళూ చెప్పినవన్నీ అబద్ధాలండీ."

ఒక్కసారిగా నవ్వు. బేకరీ ఆయన తొడ చరుచుకున్నాడు. "రాత్రి ఇంట్లో గట్టిగా పడ్డట్టుంది! అద్దీ!"

"కాదండీ, నిజం. మా ఆవిడ ఒక్కనాడు కూడా నా మీద గొంతు పెంచలేదు."

"అక్కయ్యగారు పక్కనే ఉన్నారుగా మరి, అంతే అంటాడు!"

"అసలు గరిటే లేదు! నా మీద ఒట్టు!"

"దాచిపెట్టాడ్రోయ్! గరిటె దాచేసి వచ్చాడు!" ఓవర్సీరుకు నవ్వీ నవ్వీ దగ్గు వచ్చింది. ఆయన ఎంత గట్టిగా చెబితే అంత గట్టిగా నవ్వారు. ఇన్నేళ్ళ నుంచీ వాళ్ళను నవ్వడానికి అలవాటు చేసింది ఆయనే. ఆయన నోట్లోంచి ఏం వచ్చినా అది నవ్వే. ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదన్నారు.

ఆ నవ్వును ఆపగలిగే మాట ఒక్కటే ఉంది. అలిగి కాదండీ, మాకో బిడ్డ పుట్టి పోయింది అన్న మాట. అది అంటే చాలు, బెంచీలన్నీ చల్లబడిపోతాయి. అందరూ తలలు దించుకుంటారు. ఓవర్సీరు వచ్చి భుజం మీద చెయ్యి వేస్తాడు. ఆ మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది.

ఆవిడ వైపు చూశాడు.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. కొద్దిగా, ఎవరికీ కనపడనంతగా. వద్దు.

అప్పుడు అర్థమైంది ఆయనకు. ఆ బిడ్డను ఒకసారి నవ్వు కోసం వాడుకున్నాడు. ఇప్పుడు తను మంచివాడు అనిపించుకోవడం కోసం రెండోసారి వాడుకోబోతున్నాడు. ఆ ఏడుపు ఆవిడది. ఇవ్వాలన్నా దాచుకోవాలన్నా ఆవిడ ఇష్టం. ఇన్నేళ్ళు ఆవిడ దాన్ని ఒక్క మనిషికి కూడా చూపించలేదు.

ఆయన నోరు మూసుకున్నాడు. ఒళ్ళంతా సిగ్గుతో కాలిపోతుంటే, ఆ నవ్వుల మధ్యే వంగి ఫ్లాస్కు తీసుకుని ఒక్కొక్కరికీ టీ పోశాడు. ఆవిడకూ పోశాడు. కొంచెం సాసర్లో ఒలికింది. ఆవిడ కప్పు అందుకుంది.

ఓవర్సీరు భార్య ఒక్కతే నవ్వలేదు. గట్టి ముక్కూ గట్టి అడుగూ ఉన్న మనిషి. నిజంగానే మగవాడి కింద లెక్కకొచ్చేలా ఉంటుంది. ఆవిడ ఇదంతా అటూ ఇటూ చూసి, కప్పు పక్కన పెట్టింది.

"వదినా, వీళ్ళ గోల ఎప్పుడూ ఉండేదే. మనం ఇంకో చుట్టు తిరిగొద్దాం రండి."

"అటు కాదా దారి?"

"అటు వీళ్ళు నడుస్తారు. మనం ఇటు వెళ్దాం. ఈ మొహాలు వెనక నుంచి చూడక్కర్లేదు."

ఆ రోజు నుంచి ఆడవాళ్ళు పార్కును రెండో వైపు నుంచి చుట్టడం మొదలుపెట్టారు. మొదట ఇద్దరు, తర్వాత నలుగురు, తర్వాత ఇంకొందరు. వాళ్ళకు వంతులు లేవు. ఇంటి ముచ్చట్లు చెప్పితీరాలన్న నియమం లేదు. ఆవిడ ఆస్పత్రి ఫోన్ల సంగతులు చెప్పేది. తప్పు నంబరు చేసి గంటసేపు పాటలు పాడిన ముసలాయన సంగతి, ఫోన్లో కలిపిన సొంత భార్య గొంతు గుర్తుపట్టలేక, ఏ వార్డు నుంచి మాట్లాడుతున్నావని ఆ భార్యనే అడిగిన డాక్టరు సంగతి. గుబురు చెట్ల అవతల నుంచి వాళ్ళ నవ్వు వినపడేది. అందులో ఒక నవ్వు ఎవరిదా అని అద్దాలాయన చాలా రోజులు అనుకున్నాడు. కాస్త బొంగురుగా, ఆగి ఆగి వచ్చే నవ్వు. ఒకరోజు పోల్చుకున్నాడు. ఇంతకాలం కాపురం చేసిన మనిషి నవ్వు అది. తను ఎప్పుడూ వినలేదు.

ఆయన మళ్ళీ వంతు తీసుకోలేదు. అడిగితే తల ఊపి ఫ్లాస్కు ఎత్తుకునేవాడు. కొన్నాళ్ళు బతిమాలారు. తర్వాత, "సరుకు అయిపోయింది పాపం" అనుకున్నారు. బేకరీ ఆయన అత్తగారి మీద ముచ్చట్లు మొదలుపెట్టాక అందరూ అటు తిరిగారు. ఆయన మళ్ళీ ఫ్లాస్కు అయ్యాడు. ఇంట్లో ఆవిడ కోపంగా లేదు. "టీ తాగుతారా", "కరెంటు మనిషి వచ్చి వెళ్ళాడు" అని మర్యాదగా మాట్లాడేది. అవతల ఎవరున్నా మాట్లాడే మర్యాద అది. ఆయన కూడా మర్యాదగా బదులు చెప్పేవాడు. గది తలుపు మాత్రం ఎప్పుడూ తెరిచే ఉండేది. ఆయన ఇప్పటికీ ముందు గదిలోనే పడుకుంటున్నాడు. నడుం నొప్పి అని ఒక సాకు చెప్పుకున్నాడు. ఆవిడ నమ్మినట్టు తల ఊపింది.

ఆయన ఒకవైపు నుంచీ ఆవిడ మరోవైపు నుంచీ తిరుగుతారు గనక, చుట్టుకి రెండుసార్లు ఎదురుపడతారు. ఒకసారి గేటు దగ్గర, ఒకసారి కుళాయి దగ్గర. ఇంట్లో ఒకే కప్పు కింద ఉన్నా ఆయనకు ఆవిడ మొహం సూటిగా కనిపించేది ఆ రెండు చోట్లే. ఎదురుపడ్డప్పుడు ఆయన పక్కకు తప్పుకుని దారి ఇస్తాడు. ఆవిడ తల పంకించి వెళ్ళిపోతుంది. అదే పలకరింపు.

నిన్న ఆఖరి చుట్టులో ఆయన ఫ్లాస్కు పట్టుకుని వస్తున్నాడు. ఆవిడ మాటల్లో పడి మిగతావాళ్ళకన్నా వెనకబడింది. కుళాయి దగ్గర ఎదురైంది. ఎండకి మొహం ఎర్రబడి ఉంది. ఇంతసేపూ దేనికో నవ్వినట్టుంది, ఆ నవ్వు ఇంకా కళ్ళలో కొంచెం మిగిలే ఉంది. ఆయన ఎప్పట్లాగే పక్కకు తప్పుకుని తల దించుకున్నాడు. అడుగులు ముందుకు వెళ్ళలేదు. తలెత్తి చూస్తే ఆవిడ ఆగి ఉంది. ఆయన చేతిలో ఫ్లాస్కునూ, ఊడిన బూటు లేసునూ, మొహాన్నీ వరసగా చూసింది. అప్పుడు అంది, ఫోన్లో మాట్లాడే గొంతుతో కాదు, చెట్ల అవతల వినపడే ఆ బొంగురు గొంతుతో.

"నేను ముందు వెళ్తున్నానండీ. మీరు మెల్లగా రండి. గడియ పెట్టను లెండి."